హార్డ్ డిస్క్ మొరాయిస్తే ముందు కాపీ తీయండి, చెక్‌డిస్క్ తర్వాత

(దృశ్యం: టేబుల్ మీద 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. మైక్ దానికి బాగా దగ్గరగా. సన్నటి గిర్రుమనే శబ్దం, మధ్యలో ఒక 'టక్'.)

విన్నారా? ఆ గిర్రుమనే చప్పుడు మామూలే. మధ్యలో వచ్చిన ఆ 'టక్' మాత్రం మామూలుది కాదు.

ఈ డిస్క్‌ను తిరుచానూరు రోడ్డు వైపు నుంచి ఫోటోలు తీసే ఒక తమ్ముడు తెచ్చాడు. ఇందులో రెండు పెళ్ళిళ్ళు, ఒక నామకరణం, మే నెలలో మన తిరుపతి గంగమ్మ జాతరకు వారం రోజులూ తిరిగి తీసిన ఫోటోలు ఉన్నాయి. మా రిపేరు షాపులోకి వస్తూనే అన్నాడు: "అన్నా, డ్రైవ్ పేరు కనపడతా ఉండాది, ఫోల్డర్ నొక్కితే మాత్రం తిరగతానే ఉండాది. రెండు దినాలుగా చెక్‌డిస్క్ వేస్తా ఉండాను, పదకొండు శాతం కాడ నిలిచిపోతా ఉంది."

చెక్‌డిస్క్ అంటే డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్. అది రెండు రోజులు! ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

(దృశ్యం: తెల్ల బోర్డు. వరుసగా గీసిన లాకర్లు, పక్కన రిజిస్టర్.)

తిరుమలలో రూము దొరకని భక్తులకు యాత్రికుల వసతి సముదాయంలో లాకర్ ఇస్తారు కదా. డిస్క్‌ను అలాంటి లాకర్ల హాలు అనుకోండి. ఏ సామాను ఏ లాకర్లో ఉందో రిజిస్టర్లో రాసి ఉంటుంది. ఆ రిజిస్టరే ఫైల్ సిస్టమ్. ఒక్కో లాకర్ ఒక క్లస్టర్. కెమెరా కార్డులో క్లస్టర్ 32 కేబీ అయితే, 8 ఎంబీ ఫోటో ఒకటి 256 లాకర్లలో సర్దుకుంటుంది. ఒక లాకర్ తర్వాత ఏ లాకర్‌కు వెళ్ళాలో చెప్పే గొలుసు పట్టిక ఇంకొకటి ఉంటుంది. ఫ్యాట్ అంటే అదే.

ఫోటో రాస్తుండగా బ్యాటరీ అయిపోయిందనుకోండి, లేదా కార్డు లాగేశారనుకోండి. లాకర్లు నిండాయి, గొలుసు కూడా ఉంది, కానీ రిజిస్టర్లో పేరు ఎక్కలేదు. సామాను లోపలే ఉంది, అడిగేవాళ్ళే లేరు. ఇవే లాస్ట్ క్లస్టర్లు, అంటే తప్పిపోయినవి. స్థలం నిండినట్టు చూపిస్తుంది, ఫైల్ మాత్రం కనపడదు.

చెక్‌డిస్క్ పుట్టిందే ఈ జబ్బు కోసం. ముందు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, ఏ స్విచ్చీ (వెనక తగిలించే స్లాష్ అక్షరం) లేకుండా ఉత్త చెక్‌డిస్క్, డ్రైవ్ అక్షరం కొట్టండి. అప్పుడు అది చూసి చెబుతుంది అంతే, దేన్నీ ముట్టుకోదు. తప్పులు రిజిస్టర్‌లోవేనని తేలితే స్లాష్ ఎఫ్ పెట్టి మళ్ళీ వేయండి. ఫ్యాట్ కార్డులో తెగిన గొలుసులు దొరికితే వాటిని ఫైళ్ళుగా మార్చాలా అని అడుగుతుంది. వై కొడితే ఫౌండ్ డాట్ 000 అనే దాచిన ఫోల్డర్‌లో, ఫైల్ 0000 డాట్ సీహెచ్‌కే లాంటి పేర్లతో పెడుతుంది. అవి ఫోటోలే అయితే చివర జేపీజీ అని మార్చి తెరిచి చూడండి. లైనక్స్‌లో ఇదే పని ఎఫ్‌ఎస్‌సీకే చేస్తుంది, లైనక్స్ సొంత ఫైల్ సిస్టమ్ అయితే దొరికినవి లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పడేస్తుంది. దాన్ని నడిపే ముందు డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయడం, అంటే సిస్టమ్ వాడకం నుంచి విడదీయడం, మరచిపోవద్దు.

ఈ తమ్ముడి డిస్క్‌కు వచ్చింది ఆ జబ్బు కాదు. ఇక్కడ లాకర్ తలుపులే బిగుసుకుపోయాయి.

(దృశ్యం: తెర మీద క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో. 5, 197, 199 వరుసల మీద వేలు.)

చూడండి. డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. 5 నంబరు వరుస: చెడిపోయిన సెక్టార్ల (లాకర్ లోపలి చిన్న అరల) బదులు స్పేర్ సెక్టార్లు ఎన్ని వాడుకుందో ఆ లెక్క. 197 (తెర మీద సీ5 అని ఉంటుంది): చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా అంకెలను పదహారు ఆధారిత పద్ధతిలో చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో పది ఆధారానికి మార్చుకోండి, లేకపోతే అంకె తప్పుగా అర్థమవుతుంది. ఇక్కడ 197లో 344 ఉంది. నిన్న 290. పెరుగుతోంది. 199 (తెర మీద సీ7), అంటే డేటా దారిలో దెబ్బతిన్న లెక్క, ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. 197 పెరిగితే మాత్రం డిస్క్ ఆయుష్షు కరిగిపోతున్నట్టే.

ఇలాంటి డిస్క్ మీద స్లాష్ ఆర్ పెడితే ఏమవుతుంది? మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా అన్నీ చదవబోతుంది. చెడ్డ చోటికి వచ్చినప్పుడల్లా డిస్క్‌ను చదివే భాగం, అంటే హెడ్, అక్కడే మళ్ళీ మళ్ళీ తడుముతుంది. పైగా సగం చదివిన రిజిస్టర్‌నే నమ్మి, అర్థం కాని పేర్లను కొట్టేయగలదు. రెండు రోజులు జరిగింది ఇదే. తమ్ముణ్ణి తప్పు పట్టను. విండోసే 'స్కాన్ చేసి సరిచేయండి' అని అడుగుతుంటే ఎవరైనా నొక్కుతారు.

నేను చేసింది ఇది. డిస్క్ అప్పుడప్పుడే టక్‌మంటోంది, సైజు సరిగ్గా చూపిస్తోంది. ప్రమాదం ఉందని అతనికి చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను. ఎడతెగకుండా టక్ టక్‌మన్నా, డిస్క్ అసలు కనపడకపోయినా వెంటనే కరెంటు తీసేయండి. హెడ్ గీసుకుపోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అది దుమ్ములేని గది ఉన్న ల్యాబ్ పని. షాపులో మూత విప్పనివ్వకండి, ఫ్రిజ్‌లో పెట్టమనే మాట వినకండి.

(దృశ్యం: నల్ల తెర మీద జీఎన్‌యూ డీడీ రెస్క్యూ నడుస్తోంది.)

చెడిపోతున్న డిస్క్‌కు కాపీ తీసే ఈ ప్రోగ్రామ్ పద్ధతి నాకు చాలా ఇష్టం. బిగుసుకున్న తలుపు దగ్గర మొండికేయదు. దాన్ని వదిలి, తేలిగ్గా తెరుచుకునే లాకర్లన్నీ ముందు ఖాళీ చేసుకుని, తర్వాత మిగిలిన వాటి దగ్గరికి వస్తుంది. ఏవి అయ్యాయో, ఏవి మిగిలాయో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. మధ్యలో కరెంటు పోయినా అదే ఫైల్‌తో ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. కాపీ వేరే, పెద్ద డిస్క్ మీదికే వెళ్ళాలి. కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత కొత్తది. ఆ రెండూ తారుమారైతే ఉన్నదీ పోతుంది, ఎంటర్ నొక్కే ముందు నేను గట్టిగా పైకి చదువుకుంటాను.

బాగున్న 1 టీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల్లోపే అయిపోతుంది. దీనికి రెండు పగళ్ళు, ఒక రాత్రి పట్టింది. చివరికి చదవలేకపోయింది 3 ఎంబీకి లోపే.

ఆ కాపీకి ఇంకో కాపీ తీసి, దాని మీదే చెక్‌డిస్క్ వేశాను. ఫోల్డర్లు చాలావరకు పేర్లతో సహా వచ్చాయి. రానివాటికి ఫోటోరెక్ వాడాను. అది రిజిస్టర్‌ను చూడదు, జేపీజీ ఫైల్ మొదట్లో ఉండే గుర్తును వెతికి పట్టుకుంటుంది. పేర్లు పోతాయి, బొమ్మలు వస్తాయి. ఎస్‌ఎస్‌డీలో చెరిపేసిన ఫైళ్ళకు మాత్రం ఇంత ఆశ ఉండదు, చెరిపిన చోటు ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ అనే కమాండ్ వల్ల ఆ లాకర్లు ఖాళీ అయిపోతాయి.

(దృశ్యం: తెర మీద ఒక ఫోటో. పై సగం స్పష్టంగా, కింది సగం బూడిద రంగు.)

పెళ్ళి ఫోటోలన్నీ దొరికాయి. జాతరవి పదకొండు మాత్రం ఇలా సగంలో తెగాయి. ఒంటికి నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం వేసిన పిల్లాడు. కళ్ళు, నవ్వు ఉన్నాయి, మెడ కింద ఏమీ లేదు. వీటిని తీసేయనా అని అడిగితే తమ్ముడు ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నా, వాళ్ళమ్మకు ప్రింట్ ఇస్తానని చెప్పినా" అన్నాడు.

కొత్త డిస్కులు రెండు కొనిపించాను. పాతదాని మీద స్కెచ్ పెన్నుతో 'ఏమీ పెట్టొద్దు' అని రాసి, అతని చేతికే ఇచ్చాను.