ఆన్ చేయడం సులువే, ఆఫ్ చేసేదెవరు? స్మార్ట్ స్విచ్‌తో విడతలవారీగా నీరు పెట్టే పద్ధతి

[దృశ్యం: మే నెల ఉదయం. మిద్దె మీద వరుసగా 24 గ్రో బ్యాగులు. పక్కన 200 లీటర్ల నీలం డ్రమ్ము. అందులో కూలర్ మోటారు, దాని వైరు గోడకున్న స్మార్ట్ ప్లగ్‌లోకి వెళ్తోంది.]

వ్యాఖ్యాత: ఈ బ్యాగుల్లో వంగ, టమాటా, బెండ మొక్కలున్నాయి. ఈ ఎండలకు ఒక్కో మొక్కకు రోజుకు సుమారు లీటరున్నర నీరు పడుతోంది. ఆ నీటినంతా ఉదయాన్నే ఒకేసారి పోస్తే, కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన తేలిక మట్టి దాన్ని పట్టుకోలేక అడుగు రంధ్రాల గుండా మిద్దె మీదికి వదిలేస్తుంది, మధ్యాహ్నానికల్లా ఆకులు వాలిపోతాయి. అదే నీటిని రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇస్తే వేళ్ల దగ్గరే ఇంకుతుంది. కాబట్టి మనకు కావలసింది ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 4 గంటల వరకు రెండు గంటలకోసారి మోటారు వేసి, సరిగ్గా ఒక నిమిషం తర్వాత ఆపే ఏర్పాటు.

[దృశ్యం: బకెట్, స్టాప్‌వాచ్. పైపు నుంచి నీరు బకెట్‌లోకి.]

ముందుగా చేయవలసిన పని ఫోనులో కాదు, బకెట్‌తో. ఈ మోటారు సన్నని మైక్రో ట్యూబుల గుండా నిమిషానికి 8 లీటర్లు తోడుతోంది. 24 మొక్కలకు పంచితే ఒక్కోదానికి విడతకు మూడో వంతు లీటరు, అయిదు విడతలకు లీటరున్నరకు కొంచెం పైన. ఈ లెక్క తేలాకే ఆన్ సమయం ఎంతో నిర్ణయించాలి.

[దృశ్యం: ఫోన్ తెర. స్మార్ట్ లైఫ్ యాప్‌లో షెడ్యూల్ పేజీ.]

స్మార్ట్ లైఫ్ యాప్‌తో పనిచేసే స్విచ్‌లలో చాలావాటికి షెడ్యూల్ పేజీలో ‘సర్క్యులేట్’ అనే ఎంపిక ఉంటుంది. ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఎంతసేపు ఆన్, ఎంతసేపు ఆఫ్ అన్న నాలుగు విలువలు ఇస్తే చాలు. దానికి తోడు ‘ఇంచింగ్’ అనే ఎంపిక కూడా ఉంటే, స్విచ్‌ను ఎవరు ఆన్ చేసినా, చివరికి చేత్తో మీట నొక్కినా, నిర్ణీత సమయం కాగానే అది దానంతటదే ఆఫ్ అవుతుంది. పేరు చిన్నదే గానీ ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం దీనిలోనే ఉంది.

నిరుడు ఇదే మిద్దె మీద నేను చేసిన పొరపాటు చెబుతాను. అప్పట్లో హోమ్ అసిస్టెంట్‌లో, అంటే ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఒక ఆటోమేషన్ (దానంతటదే నడిచే ఆదేశాల వరుస) రాశాను: మోటారు ఆన్ చేయి, ఒక నిమిషం ఆగు, ఆఫ్ చేయి. మూడు వారాలు చక్కగా నడిచింది. ఒక రోజు ఉదయం 10 గంటలకు ఆన్ చేయమన్న ఆదేశం స్విచ్‌కు చేరింది, ఆ నిమిషంలోనే రౌటర్ రీస్టార్ట్ అయింది, ఆఫ్ చేయమన్న ఆదేశం దారిలోనే పోయింది. 25 నిమిషాల్లో డ్రమ్ము ఖాళీ అయింది. చల్లబరచడానికి నీరు లేని మోటారు సాయంత్రం నేను ఇల్లు చేరేదాకా తిరుగుతూనే ఉంది. దాని ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోయింది.

[దృశ్యం: వంకరపోయిన పాత మోటారు, దగ్గరి నుంచి.]

ఇదిగో, అదే ఇది.

తప్పు రౌటర్‌ది కాదు, నాది. ఆన్ చేసే ఆదేశం పోతే ఒక విడత తప్పుతుంది, అంతే. ఆఫ్ చేసే ఆదేశం పోతే నష్టం మొదలవుతుంది. అంత తేడా ఉన్న రెండు ఆదేశాలనూ ఒకే వైఫై మీద నమ్మకంతో పంపాను. పైగా ‘ఒక నిమిషం ఆగు’ అన్న నిరీక్షణ హోమ్ అసిస్టెంట్ జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది కాబట్టి, ఆ నిమిషంలో అది రీస్టార్ట్ అయినా తరువాతి మెట్టు జరగదు. మన పల్లెల్లో బోరు మోటార్లకు బిగించిన ఆటో స్టార్టర్ల కథ కూడా ఇలాంటిదే. కరెంటు రాగానే మోటారు వేయడం వాటికి తెలుసు, మడి తడిసిందని ఆపడం తెలియదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భ జలాలు వృథా అవుతాయని వాటిని తొలగించమని రైతులను కోరడానికి కారణం అదే.

[దృశ్యం: ల్యాప్‌టాప్ తెర. టాస్మోటా కన్సోల్.]

అందువల్ల ఇప్పుడు హోమ్ అసిస్టెంట్‌కు ఆన్ చేసే పని మాత్రమే ఇచ్చాను, ఆపే పని స్విచ్ లోపలే ఉంది. ఈ స్విచ్‌లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు బదులు టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానిలో ఇంచింగ్ లాగే నిర్ణీత సమయానికి స్విచ్‌ను ఆపే ‘పల్స్‌టైమ్’ అనే ఆదేశానికి ఒక మెలిక ఉంది: 1 నుంచి 111 వరకు ఇచ్చే అంకెలను అది సెకనులో పదో వంతులుగా లెక్కిస్తుంది, 112 నుంచి మాత్రం ఇచ్చిన అంకెలో 100 తీసేసి మిగిలినదాన్ని సెకన్లుగా తీసుకుంటుంది. మనకు 60 సెకన్లు కావాలి కాబట్టి 160 ఇవ్వాలి. పొరపాటున 60 అని ఇస్తే మోటారు 6 సెకన్లకే ఆగుతుంది, ట్యూబుల చివరిదాకా నీరు కూడా చేరదు.

ఆన్ చేసే వైపు హోమ్ అసిస్టెంట్‌లోని ‘టైమ్ ప్యాటర్న్’ ట్రిగ్గర్ వాడాను, అంటే నిర్ణీత వేళలకు ఆటోమేషన్‌ను మొదలుపెట్టే ఏర్పాటు. గంటల గడిలో ‘/2’ అని రాస్తే రెండుతో భాగించబడే గంటలకల్లా అది పనిచేస్తుంది. ఉదయం 7 తర్వాత, సాయంత్రం 5 లోపు అన్న షరతు పెడితే 8, 10, 12, 2, 4 గంటల విడతలు మిగులుతాయి. చాలామంది ఇక్కడ ఒక చోట తడబడతారు. నిమిషాల గడిలో ‘/45’ అని రాస్తే 45 నిమిషాలకోసారి అని అర్థం కాదు. గంట మొదట్లో ఒకసారి, 45వ నిమిషంలో ఒకసారి, మళ్లీ 15 నిమిషాలకే తరువాతి గంట మొదట్లో ఇంకోసారి నడుస్తుంది. 60ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలకే అది సమానమైన వ్యవధి ఇస్తుంది.

కరెంటు పోయి వచ్చిన తర్వాత ఏమవుతుందో కూడా చూసుకోవాలి. టాస్మోటా తనంతట తాను చివరి స్థితికే తిరిగి వస్తుంది. ‘పవర్‌ఆన్‌స్టేట్’ విలువను 0 చేస్తే ఆఫ్‌లోనే ఉండిపోతుంది. తోటకు 0 సరైనది. అయితే పైపుల్లో నీటి పొర మీదే వేళ్లు బతికే హైడ్రోపోనిక్స్‌లో మోటారు ఆగిపోవడమే ప్రమాదం కాబట్టి, అక్కడ ఆన్‌లో ఉండడమే క్షేమం.

[దృశ్యం: విప్పిన స్విచ్. లోపల నల్లని రిలే మీద వేలు.]

స్విచ్ లోపల కరెంటును కలిపి విడదీసే భాగమైన రిలే గురించి ఒక్క మాట. ఇలాంటి రిలేలు పూర్తి లోడు మీద సాధారణంగా లక్ష సార్లు పనిచేసేలా తయారవుతాయి. రోజుకు అయిదు విడతలకు అది మన జీవితకాలం చాలు. అదే పుట్టగొడుగుల షెడ్డులో నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్‌ను రెండు నిమిషాలకోసారి వేస్తే రోజుకు 720 సార్లు. ఆ లక్ష నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. ఒక హార్స్ పవర్ మోటారుకైతే మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగే గుణం ఉంది కాబట్టి, స్విచ్ మీద 16 యాంపులు అని రాసి ఉన్నా నేరుగా కలపకుండా మధ్యలో కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్) పెట్టించండి. నీటి దగ్గర వాడే ఏ లైనుకైనా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే రక్షణ స్విచ్, ఉండాలి.

[దృశ్యం: మోటారు నడుస్తోంది. చేయి రౌటర్ స్విచ్‌ను ఆపుతుంది. తెర మూలన స్టాప్‌వాచ్.]

ఇప్పుడు పరీక్ష. మోటారు మొదలై 20 సెకన్లయింది. రౌటర్ ఆపేశాను, ఫోనులో స్విచ్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తోంది. 40... 50... 58, 59...

[శబ్దం: స్విచ్ లోపల చిన్న టిక్కు. ట్యూబుల నుంచి నీటి ధార సన్నబడి ఆగుతుంది.]