చెవిలో లేని పటం: మసకాజు కొనిషి పరిశోధనపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. తెలుగులో గూబ అంటే పక్షి, చెవి గూబ కూడా. జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన మసకాజు కొనిషి ఈ రెండు గూబల మధ్యే దాదాపు జీవితమంతా గడిపారు. మేడమ్, మీరు మెదడు మీద పరిశోధన చేస్తున్నారు. ఆయనకు గుడ్లగూబే ఎందుకు దొరికిందంటారు?

పరిశోధకురాలు: గూబ కన్నా ముందు పిచ్చుకలండి. కొనిషి 1933లో క్యోటోలో పట్టు నేసే ఇంట్లో పుట్టారు. అమెరికాలోని బర్క్‌లీలో, పక్షుల పాటల మీద పనిచేసిన పీటర్ మార్లర్ దగ్గర 1963లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అక్కడ పట్టుకున్న ప్రశ్న చూడండి. పిల్ల పిచ్చుక పెద్ద పిచ్చుక పాట వింది, తను ఇంకా పాడటం మొదలుపెట్టలేదు. అప్పుడు దాని వినికిడి పోతే? పాట తలలో ఉంది కదా, పాడేయాలి.

వ్యాఖ్యాత: పాడలేదా?

పరిశోధకురాలు: నోరు తెరిచింది, కానీ వచ్చింది ఆ పాట కాదు. తన గొంతు తను విని, గుర్తున్నదానితో సరిచూసుకుంటేనే పాట కుదురుతుంది. ఇది 1965 నాటి మాట.

ఆడియాలజిస్ట్: మాటలు బాగా వచ్చాక వినికిడి పోయినవాళ్లలోనూ ఇది కనిపిస్తుందండి. ఉన్నట్టుండి గొంతు పెద్దది చేస్తారు, కొన్నాళ్లకు ‘స’, ‘శ’ తేడా పోతుంది. ఇంట్లోవాళ్లేమో ‘ఎందుకలా అరుస్తున్నావ్’ అంటారు.

వ్యాఖ్యాత: సరే, గూబ దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో అది ఇంటి మీద వాలితేనే టెన్షన్!

పరిశోధకురాలు: (నవ్వు) దాన్ని చూసి ఎలుక భయపడాలి గానీ మనమెందుకండీ? రోజర్ పేన్ అనే ఆయన కొనిషి కన్నా ముందే ఒక పని చేశారు. చిమ్మచీకటి గదిలో ఎండుటాకుల మీద ఎలుకను వదిలితే గూబ సరిగ్గా దాని మీదే దూకింది. ఎలుకంత కాగితపు ఉండను ఆకుల మీద లాగితే దాని మీదా దూకింది. అంటే వాసన కాదు, ఒంటి వేడి కాదు, చప్పుడే.

ఈఎన్‌టీ డాక్టర్: దాని చెవుల తీరే వేరు. రెండూ ఒక ఎత్తులో ఉండవు. ఒకటి పైనుంచి వచ్చే చప్పుడును, రెండోది కిందనుంచి వచ్చేదాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి. ఏ చెవిలో గట్టిగా వినిపించిందో చూసి పైనా కిందా తెలుస్తుంది. ఏ చెవికి ముందు చేరిందో చూసి కుడీ ఎడమా తెలుస్తుంది. మన తలకైతే ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు.

వ్యాఖ్యాత: అంత చిన్న తేడాను ఎవరు లెక్కగడతారు?

పరిశోధకురాలు: కొనిషి పట్టుకున్నది అదే. కంటికైతే పటం మొదటినుంచీ ఉంది. వస్తువు ఎటు ఉంటే దాని బొమ్మ రెటీనా మీద, అంటే కంటి వెనక తెర మీద, ఆ లెక్కన పడుతుంది. చెవి లోపల ఉన్నది హార్మోనియం మెట్ల లాంటి వరుస, ఒక చివర కీచు, ఇంకో చివర మంద్రం. దిక్కు అనేది అందులో ఎక్కడా లేదు. 1978లో ఆయనా ఎరిక్ నుడ్సెనూ కలిసి గూబ తల చుట్టూ చిన్న స్పీకర్‌ను తిప్పుతూ మెదడు కణాలను విన్నారు. ఒక్కో కణం ఒక్కో దిక్కు నుంచి వచ్చిన చప్పుడుకే పలికింది. ఆ కణాలు దిక్కుల వరుసలోనే పేర్చి ఉన్నాయి. చెవిలో లేని పటాన్ని మెదడే గీసుకుందన్నమాట.

ఈఎన్‌టీ డాక్టర్: ఒక్క మాట. గూబలో ఉన్నంత మాత్రాన మనలో ఉన్నట్టేనా? నా పేషెంట్లకు రెక్కలు లేవు.

పరిశోధకురాలు: న్యాయమైన ప్రశ్న. ముందు వచ్చిన సంకేతం పొడవైన దారిలో ఆలస్యమై రెండో చెవి సంకేతాన్ని కలుస్తుందని, ఎక్కడ కలిసిందో దాన్నిబట్టి దిక్కు తెలుస్తుందని లాయిడ్ జెఫ్రెస్ అనే శాస్త్రవేత్త 1948లో ఊహించారు. కేథరిన్ కార్, కొనిషి గూబ మెదడులో అలాంటి దారులనే చూపించారు. తర్వాత క్షీరదాల్లో వెతికితే లెక్క అంత ముచ్చటగా కుదరలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. అందుకని గూబ పని వృథా అనను. ఏం వెతకాలో నేర్పింది అదే. 2005లో కొనిషికీ నుడ్సెన్‌కూ కలిపి గ్రూబర్ న్యూరోసైన్స్ బహుమతి ఇచ్చారు. కొనిషి 2020లో చనిపోయారు.

వ్యాఖ్యాత: ఫోన్‌లో ఒక ప్రేక్షకురాలు ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: మా ఆయనకు ఒక చెవే వినిపిస్తుందండి. ఇంట్లో సెల్ మోగితే అన్ని గదులూ తిరుగుతారు. మతిమరుపేమో అనుకున్నాను.

ఆడియాలజిస్ట్: మతిమరుపని అప్పుడే అనుకోకండమ్మా. పోల్చుకోవడానికి రెండో చెవి లేదు, అందుకే ఎటునుంచో తెలియట్లేదు. రోడ్డు దాటేటప్పుడు వినిపించే చెవి బండ్లు వచ్చే వైపు ఉండేలా చూసుకోమనండి. పరీక్ష చేయిస్తే ఎలాంటి మిషన్ పనికొస్తుందో తెలుస్తుంది.

ఈఎన్‌టీ డాక్టర్: వినికిడి పోయి ఎన్నాళ్లయింది?

ప్రేక్షకురాలు: నాలుగు రోజులండి. జలుబనుకుని ఊరుకున్నాం.

ఈఎన్‌టీ డాక్టర్: నాలుగు రోజులా! అయితే మిషన్ మాట తర్వాత. ఒక్కసారిగా చెవి పోతే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఇప్పుడే టీవీ కట్టేసి దగ్గర్లో ఉన్న చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండమ్మా.