వ్యూస్‌కూ కౌంట్ ఉంటుంది: యూట్యూబ్ మెంబర్‌షిప్ రివ్యూ

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇంతవరకు ఈ ఛానల్లో రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లనూ, రొయ్యల మేతనూ, నీటి పరీక్ష కిట్లనూ రివ్యూ చేశాను. ఈరోజు వాటన్నిటినీ మీకు చూపిస్తున్న యూట్యూబ్‌లోనే డబ్బు వచ్చే రెండు దారులను, అంటే ప్రకటనల వాటానూ, చూసేవాళ్లు నెలనెలా ఛానల్‌కు డబ్బు కట్టే మెంబర్‌షిప్‌నూ పరిశీలిద్దాం.

ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో మనకు 55 శాతం ఇస్తారు. షార్ట్స్‌కు 2023 ఫిబ్రవరి నుంచి ఇస్తున్నది 45 శాతమే, అందులోనూ ఒక పాట జోడిస్తే ఆ వ్యూస్ మీద వచ్చిన సొమ్ములో సగం ముందే సంగీతం ఖర్చు కింద పక్కకు పోతుంది.

ఇందుకూరుపేట వైపు ఏ చెరువు గట్టు మీద అడిగినా, ఎన్ని టన్నులు పడ్డాయన్న మాటకు ముందే కౌంట్ ఎంత, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయి అంటారు. కిలోకు 30 తూగే రొయ్యకూ 100 తూగే రొయ్యకూ ధర ఒకటి కాదు కదా. వ్యూస్ కూడా అంతే. పట్టుబడి రోజు, అంటే పెరిగిన రొయ్యలను పట్టి అమ్మే రోజు, వలలో రొయ్యలు ఎగిరిపడే షార్ట్‌ను లక్షల మంది చూశారు, కానీ దాని మీద వచ్చిన డబ్బు ఆ రోజు పెట్రోలుకు కూడా చాలలేదు. మేత ఎంత తిన్నాయో చూసేందుకు చెరువులో దించే చెక్ ట్రే పైకెత్తి, మిగిలిన మేతను వేలితో తాకి చూపి, రొయ్య వీపున పేగు నిండుగా ఉందో తెగి తెగి ఉందో దగ్గరగా చూపించిన 18 నిమిషాల వీడియోను చూసింది కొద్దిమందే. అయితే వాళ్లలో ఎక్కువమంది చెరువున్నవాళ్లు, నా మెంబర్లంతా అక్కడినుంచే వచ్చారు.

మెంబర్‌షిప్‌కు 500 మంది సబ్‌స్క్రైబర్లతోనే దారి తెరుచుకుంటుంది, వీక్షణ గంటల షరతు కూడా తక్కువే. పన్నులు పోను 70 శాతం మన చేతికి వస్తుంది. యూట్యూబ్ మెంబర్లకు ఇచ్చే బ్యాడ్జీలూ ఎమోజీలూ రైతుకు ఎందుకూ కొరగావు. ఆదివారం రాత్రి మెంబర్లకు మాత్రమే పెట్టే లైవ్‌లో తన చెరువు గురించి అడిగే అవకాశమే అతను కొంటున్న సరుకు.

నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది. మెంబర్ల డబ్బు ఉండబట్టే, ఒక మేత కంపెనీ వారు ఉచితంగా సరుకు పంపుతామన్నప్పుడు వద్దనగలిగాను. వాళ్ల బస్తా తీసుకున్న చేత్తో చెక్ ట్రే ఎత్తితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఇక లోపం చెప్పాలి. మెంబర్ల ఫోన్ నంబర్లు గానీ, ఈమెయిళ్లు గానీ మనకు ఇవ్వరు. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధంతో ఎందరో తమ అభిమానుల జాబితాను ఒక్క రోజులో పోగొట్టుకున్నారు, ఆ భయం ఇక్కడా ఉంది. పైగా పట్టుబడి కాగానే మెంబర్లు సగానికి సగం తగ్గిపోతారు. అందులో తప్పేమీ లేదు, చెరువు ఎండగట్టిన నెలలో నా లైవ్ మీకెందుకు? ఆపేయండి, మళ్లీ చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజున చేరండి.