మీరు రోజూ తిరిగే దారికి డీజిల్ ఎస్‌యూవీ పనికొస్తుందా?

[తెర మీద: ఉదయం తొమ్మిదింటి ట్రాఫిక్. ఒక పెద్ద ఎస్‌యూవీ అడుగడుగునా ఆగుతూ కదులుతోంది.]

అందరికీ నమస్కారం. ఇంటిల్లిపాదికీ సరిపోయే డీజిల్ ఎస్‌యూవీ కొందామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. మైలేజ్ ఎంత? పవర్ ఎంత? నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను. మీరు బండి స్టార్ట్ చేశాక, మళ్లీ ఆపేలోపు ఎంతసేపు నడుస్తుంది?

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇద్దరిని తీసుకోండి. ఒకాయన వారానికి రెండు మూడుసార్లు సంగారెడ్డి నుంచి నానక్‌రామ్‌గూడ వచ్చి వెళ్తాడు. ఇంకొకావిడ మియాపూర్‌లో పిల్లల్ని స్కూల్లో దింపి, ఇంటికొచ్చి, ఆఫీసుకు వెళ్లి, వస్తూ వస్తూ కూరగాయలకు ఆగి, సాయంత్రం పిల్లల్ని డాన్స్ క్లాసుకు తీసుకెళ్తుంది. మీటర్ మీద ఇద్దరివీ అవే వెయ్యి కిలోమీటర్లు. కానీ డీజిల్ ఇంజిన్‌కు అవి రెండు వేర్వేరు జీవితాలు. మొదటాయనకు డీజిల్ కొనమని ధైర్యంగా చెప్తాను. రెండో ఆవిడకు చెప్పను. ఎందుకో చూద్దాం.

ఉదాహరణకు మహీంద్రా ఎక్స్‌యూవీ700 డీజిల్ తీసుకుందాం. 2021లో వచ్చింది. మన రోడ్ల మీద ఎటు చూసినా కనబడుతుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ బాగానే దొరుకుతోంది. 2026 జనవరిలో ఇదే బండి మార్పులు చేసుకుని ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ పేరుతో వచ్చింది. ఇంజిన్ 2.2 లీటర్లు, పెద్ద వేరియంట్లలో 185 పీఎస్ పవర్. టార్క్, అంటే బండిని లాగే బలం, మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 450 న్యూటన్ మీటర్లు. ట్యాంకు 60 లీటర్లు. హైవే మీద లీటర్‌కు 14 లెక్కన చూసుకున్నా, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగొచ్చాక కూడా ట్యాంకులో డీజిల్ మిగులుతుంది. ఏడుగురు ఎక్కినా, ఏసీ ఫుల్‌లో ఉన్నా, లారీని ఓవర్‌టేక్ చేయడానికి టెన్షన్ పడక్కర్లేదు. లాంగ్ డ్రైవ్‌లో డీజిల్‌కు ఉన్న ఈ బలం నాకు చాలా ఇష్టం. అందులో రెండో మాట లేదు.

కానీ మనం మాట్లాడుకుంటున్నది సంక్రాంతి ప్రయాణం గురించి కాదు. మామూలు మంగళవారం గురించి.

[తెర మీద: సైలెన్సర్ గొట్టం దారిలో ఉన్న ఫిల్టర్ బొమ్మ. లోపల నల్లటి మసి పేరుకుంటోంది.]

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్6 నిబంధనలు వచ్చాయి. అప్పట్నుంచి ప్రతి డీజిల్ కారు పొగ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటోంది. డీజిల్ మండితే వచ్చే మసిని అది పట్టి ఉంచుతుంది. పాత డీజిల్ బండ్ల వెనక కనిపించే నల్లపొగ కొత్త బండ్లకు కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. మన ఊపిరితిత్తులకు మంచిదే. మరి పట్టి ఉంచిన మసి ఎక్కడికి పోవాలి? కాలి బూడిద కావాలి. అలా కాలాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి.

హైవే మీద ఇంజిన్ ఒకే వేగంతో చాలాసేపు నడుస్తుంది. పొగ వేడికే మసి కొంత దానంతటదే కాలిపోతుంది. సిటీ ట్రాఫిక్‌లో ఆ వేడి పుట్టదు. అందుకని మసి ఒక స్థాయి దాటగానే ఇంజిన్ కంప్యూటరే పని మొదలుపెడుతుంది. మామూలుగా మండాల్సిన డీజిల్ మండాక, ఇంకాస్త డీజిల్ చల్లి, ఫిల్టర్‌లో వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. ఇది పూర్తవడానికి బండి కొంతసేపు ఆగకుండా నడవాలి.

ఇప్పుడు మియాపూర్ ఆవిడ దగ్గరికి వద్దాం. రీజెనరేషన్ మొదలైంది. ఆవిడకు ఆ సంగతి తెలీదు. స్కూలు వచ్చింది, ఇంజిన్ ఆపేసింది. పని సగంలో ఆగిపోయింది. మళ్లీ సాయంత్రం మొదలైంది, మార్కెట్ దగ్గర మళ్లీ ఆగింది. ఇలా రోజుల తరబడి జరిగితే డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైట్ వెలుగుతుంది. అదీ పట్టించుకోకపోతే బండి పవర్ తగ్గించేసుకుంటుంది, చివరికి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి కంప్యూటర్ పెట్టి మసి కాల్పించాలి. ఫిల్టరే మార్చాల్సి వస్తే ఖర్చు మామూలుగా ఉండదు.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, చాలామంది చెప్పరు. అదనంగా చల్లిన డీజిల్ మొత్తం పొగ దారిలోకి పోదు. కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. రీజెనరేషన్ పదే పదే సగంలో ఆగే బండిలో ఇది ఎక్కువ.

[తెర మీద: ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల, దగ్గరగా.]

బండిని చదునైన చోట ఆపండి. ఇంజిన్ చల్లారాక ఈ పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఇక్కడ రెండు గుర్తులు ఉన్నాయి కదా, కింది గీత, పై గీత. ఆయిల్ తగ్గిందేమో అనే అందరూ చూస్తారు. డీజిల్ బండిలో పెరిగిందేమో కూడా చూడాలి. ఆయిల్ తనంతట తాను పెరగదు. పై గీత దాటి ఉంటే, డీజిల్ వాసన కూడా వస్తుంటే, అది పల్చబడిన ఆయిల్. అలాంటి ఆయిల్‌తో టర్బోకూ బేరింగులకూ నష్టం. వెంటనే మార్పించండి, సర్వీస్ తేదీ కోసం చూడొద్దు.

మరి సిటీలో ఉండేవాళ్లు డీజిల్ కొనకూడదా? కొనొచ్చు, వారానికో పది రోజులకో ఒకసారి బండికి ఖాళీ రోడ్డు చూపించగలిగితే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. ఒక అరగంట ఒకే వేగంతో పోనిస్తే చాలా బండ్లలో ఫిల్టర్ సమస్య దగ్గరికి రాదు. ఎంత వేగం, ఎంతసేపు అన్నది మీ బండి పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ పేజీ ఒక్కటైనా చదవండి. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ మామూలుకన్నా కాస్త ఎక్కువ వేగంతో తిరగడం, ఆపేశాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరగడం, కాలిన వేడి వాసన రావడం రీజెనరేషన్ జరుగుతోందనడానికి గుర్తులు. అలాంటప్పుడు ఇంటి ముందుకొచ్చినా ఆపకుండా ఇంకో చుట్టు తిరిగి రండి.

చాలా పెద్ద డీజిల్ ఎస్‌యూవీలలో పొగను శుభ్రం చేయడానికి యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. లారీ డ్రైవర్లు యూరియా అనేది దీన్నే. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. పెద్ద ఖర్చు కాదు. కానీ పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాని మోడళ్లు ఉన్నాయి. హెచ్చరిక రాగానే పోయించండి.

[తెర మీద: షోరూమ్ ముందు టెస్ట్ డ్రైవ్ బండి.]

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూమ్ వాళ్లు తీసుకెళ్లే దారి బాగుంటుంది, వెడల్పుగా ఉంటుంది. ఆ దారి మీకొద్దు. మీ ఇంటి నుంచి మీ ఆఫీసు దారిలో, మీరు వెళ్లే టైముకే కావాలని అడగండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయండి. ఆ మొదటి రెండు నిమిషాల శబ్దమే మీరు ఏళ్ల తరబడి వినబోయేది. మాన్యువల్ అయితే ఫ్లైఓవర్ ఎక్కే చోట జామ్‌లో అరగంట నడపండి, క్లచ్ కాలికి ఎలా ఉందో తెలుస్తుంది. నా మాట వింటే, సిటీలో ఈ సైజు డీజిల్‌కు ఆటోమేటిక్కే తీసుకోండి. బ్రేక్ వదిలితే చాలు, యాక్సిలరేటర్ తొక్కకుండానే మెల్లగా కదులుతుంది.

తర్వాత మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దింపండి. ఎక్స్‌యూవీ700 వెడల్పు 1890 మిల్లీమీటర్లు, అది అద్దాలు కలపకుండా. హ్యుందాయ్ క్రెటా 1790. పది సెంటీమీటర్లే తేడా అనిపిస్తుంది. రెండు పిల్లర్ల మధ్య ఆపి, డోర్ తీసుకుని దిగడానికి ప్రయత్నిస్తే ఆ పది సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది.

అమ్మనో అత్తగారినో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. చీర కట్టుకుని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, రెండో వరసలోకి ఆవిడ ఎక్కగలుగుతున్నారా? పట్టుకోవడానికి హ్యాండిల్ అందుతోందా? మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజూ గుడికి వెళ్లే బండి అయితే, నా దృష్టిలో 450 న్యూటన్ మీటర్ల కన్నా ఇది ముఖ్యం. మొహమాటానికి "పర్లేదులేరా" అంటారు. ఆ మాట నమ్మకండి, ఎక్కుతున్నప్పుడు ఆవిడ ముఖం చూడండి. మూడో వరసలో పిల్లలకు పర్వాలేదు. ఏడు సీట్లూ వేసి ఉంచితే డిక్కీలో రెండు మూడు సంచులు పడతాయి, అంతే. ఊరి నుంచి బియ్యం బస్తా తేవాలంటే ఒక సీటు మడవాల్సిందే.

[తెర మీద: రెండు అంకెల పట్టిక.]

డబ్బు లెక్క తొందరగా చూసేద్దాం. 2025లో హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ 107 రూపాయల చిల్లర, డీజిల్ 95 రూపాయల చిల్లర ఉంది. ఒకే బండిలో పెట్రోల్‌కు, డీజిల్‌కు లక్షన్నర తేడా అనుకుందాం. సిటీలో పెట్రోల్ లీటర్‌కు 10, డీజిల్ 13 ఇస్తాయనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 3,400 రూపాయలు మిగులుతాయి, లక్షన్నర రాబట్టడానికి మూడేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 1,350, తొమ్మిదేళ్లు దాటుతుంది. లైఫ్ ట్యాక్స్ బండి ధర మీద శాతం లెక్కన కడతాం కాబట్టి ఆ లక్షన్నర మీద పన్ను కూడా కలుపుకోవాలి. మియాపూర్ ఆవిడ లాంటి వాళ్లకు పెట్రోల్ గానీ, బడ్జెట్ ఉంటే ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటార్ కూడా ఉండే బండి) గానీ నయం. ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లోనే హైబ్రిడ్ ఎక్కువ ఆదా చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూస్తున్నవాళ్లు ఇది వినండి. తక్కువ తిరిగిన బండి అని సంబరపడొద్దు. నాలుగేళ్లలో ఇరవై వేలే తిరిగిందంటే, అది అచ్చంగా స్కూలు, మార్కెట్ తిరిగిన బండి కావచ్చు. మంచి మెకానిక్‌ను తీసుకెళ్లి స్కానర్ పెట్టించండి. ఫిల్టర్‌లో మసి ఎంత ఉంది, చివరి రీజెనరేషన్ అయ్యి ఎన్ని కిలోమీటర్లయింది, చాలా బండ్లలో స్కానర్‌లో కనిపిస్తుంది. ఆయిల్ పుల్ల కూడా తీసి చూడండి. స్కానర్ పెట్టనివ్వం అంటే, బండి ఎంత మెరుస్తున్నా, ధర ఎంత తగ్గించినా, అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.