అచ్చు పోతే అంతే: పాత కార్ల స్పేర్లు మళ్లీ ఎలా పుడుతున్నాయి?

తెర మీద: అరచేతిలో నల్లటి రబ్బరు బీడింగ్ ముక్క. వంచగానే విరుగుతుంది.

ఇది మారుతీ జెన్ వెనక తలుపు బీడింగ్, అంటే తలుపు సందులోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు పట్టీ. అనంతపురం ఎండలో ఇరవై ఏళ్లకు పైగా మాడిన రబ్బరు. కొద్దిగా వంచా, పుటుక్కుమంది. ఈ బండి ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. గేర్‌బాక్సుకు ఢోకా లేదు. కానీ వానొస్తే వెనక సీటు ముందు నీళ్లు. నీళ్లు నిలిస్తే కార్పెట్ కింద రేకు తుప్పు. తుప్పు పడితే టింకరింగ్, ఆపైన పెయింటింగ్, ఆపైన "అమ్మేద్దాం లే" అన్న మాట.

గుత్తి రోడ్డు షెడ్డులో మెకానిక్ అన్న ఏమన్నాడంటే: "ఇంజనుదేముందప్పా, అది నేను చూసుకుంటా. ఈ బీడింగ్ యాడన్నా దొరికితే పట్టుకురా."

యాడా దొరకదు. అదే ఈ వీడియో. కంపెనీలు ఆపేసిన స్పేర్ పార్టులు ఎందుకు కనుమరుగవుతాయి, జపాన్‌లో, జర్మనీలో అవే కంపెనీలు వాటిని మళ్లీ ఎలా చేస్తున్నాయి, మన దగ్గర ఆ పని ఎందుకు కావడం లేదు.

తెర మీద: బీడింగ్ అడ్డంగా కోసిన ముక్క, దగ్గరగా.

ముందు దీన్ని కోసి చూద్దాం. బయటికి ఒకే రబ్బరులా కనిపిస్తుంది గానీ, లోపల రెండు రకాలుంది. తలుపు అంచును పట్టుకునే భాగం గట్టి రబ్బరు, దాని లోపల సన్నటి ఇనుప పట్టీ. పైన బుగ్గలా ఉబ్బిన భాగం మెత్తటి స్పాంజి రబ్బరు. తలుపు వేసినప్పుడు నలిగి నీళ్లను ఆపేది ఆ బుగ్గే. ఏళ్ల తరబడి ఎండకు, ఒత్తిడికి అది నలిగిపోయి, మళ్లీ ఉబ్బడం మానేస్తుంది. అప్పుడు పైకి బాగానే ఉన్నా పని చేయదు.

"మీటర్ల లెక్కన బజార్లో దొరుకుతుంది కదా" అంటారు. దొరుకుతుంది. బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్తే చుట్టలు చుట్టలుగా అమ్ముతారు. చిక్కంతా మూలల దగ్గర. తిన్నగా ఉండే బీడింగ్‌ను మురుకుల గిద్దలోంచి పిండి వత్తినట్టు వత్తి తీస్తారు. తలుపు మూల తిరిగే చోట మాత్రం ఆ జెన్ తలుపు కోసమే చేసిన అచ్చులో రబ్బరు పోసి, రెండు ముక్కలనూ అతుకుతారు. బజారు బీడింగ్‌ను మూల దగ్గర వంచితే ముడత పడుతుంది. నీళ్లు సరిగ్గా అక్కడే దూరతాయి. అంటే మనకు లేనిది రబ్బరు కాదు, ఆ మూల అచ్చు.

స్పేర్ల కథంతా ఇంతే. మోడల్ ఆపేశాక కూడా కంపెనీ కొన్నేళ్లు పార్టులు ఇస్తుంది, పదేళ్లు అటూ ఇటూ అని పరిశ్రమలో ఒక వాడుక. ఆ తర్వాత అమ్మకాలు పడిపోతాయి. రబ్బరు అచ్చులు, రేకును నొక్కి ఆకారం తెచ్చే ఇనుప అచ్చులైన ప్రెస్ డైలు చాలావరకు కంపెనీ దగ్గర ఉండవు, సప్లయర్ గోడౌన్‌లో ఉంటాయి. ఒక డోర్ ప్యానెల్ డై టన్నుల బరువు. ఏడాదికి నాలుగు ఆర్డర్లు కూడా రాని ఇనుప దిమ్మెను జాగా ఇచ్చి ఎవరు కాస్తారు? కరిగించేస్తారు. కొన్నిసార్లు సప్లయరే మూసేసి వెళ్లిపోతాడు. చివరికి మిగిలేది ఒక పార్ట్ నంబరు, ఒక కాగితం డ్రాయింగు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకే. అచ్చుకు 8 లక్షలు అనుకోండి. కారు జోరుగా అమ్ముడుపోయే రోజుల్లో ఆ అచ్చులో 80,000 పీసులు తీస్తే, ఒక్కో పీసు మీద పడే అచ్చు ఖర్చు 10 రూపాయలు. అదే ఇప్పుడు 400 మందికే కావాలంటే ఒక్కోదాని మీద 2,000. రబ్బరు, కూలి, రవాణా ఇంకా కలపలేదు. "పాత పార్టుకు ఇంత రేటా, దోచుకుంటున్నారు" అని తిట్టే ముందు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. దోచుకునేవాళ్లు లేరని కాదు, అది వేరే వీడియో.

తెర మీద: 1989 మాజ్డా రోడ్‌స్టర్, పైకప్పు తీసిన రెండు సీట్ల చిన్న కారు.

మాజ్డా ఏం చేసిందో చూద్దాం. నాకు బాగా నచ్చిన పద్ధతి వీళ్లది. 1989లో వచ్చిన మొదటి తరం రోడ్‌స్టర్‌ను బాగుచేసిచ్చే పనికి 2017 డిసెంబరులో జపాన్‌లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. దాంతో పాటే పార్టులు కూడా. ఏ పార్టులు అన్నది ఆఫీసులో కూర్చుని తేల్చలేదు, ఓనర్లను, ఈ కార్లే చూసే షాపులను అడిగారు. మడత టాపు, అల్లాయ్ వీళ్లు, నార్డీ కంపెనీ చెక్క స్టీరింగు, గేర్ నాబ్ మళ్లీ చేయించారు. నాకు ముచ్చటేసింది టైరు విషయంలో. ఆ కారుకు మొదట వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఎస్ఎఫ్ 325 టైరును, అదే 185/60 ఆర్ 14 సైజులో మళ్లీ తయారు చేయించారు. పాత కారుకు కొత్త రకం టైరు వేస్తే నడక మారిపోతుంది, అందుకని. 14 అంగుళాల టైరు కోసం అంత తాపత్రయం అవసరమా అంటే, ఆ కారు ఉన్నవాళ్లను అడగండి.

నిస్సాన్‌ది ఇంకో దారి. అదే 2017 డిసెంబరులో, ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ అనే స్పోర్ట్స్ కారు కోసం నిస్మో హెరిటేజ్ పేరుతో పార్టులు మొదలుపెట్టింది. తర్వాత ఆర్33, ఆర్34కు కూడా. మొదటి జాబితాలో ఏముందో చూస్తే మన మెకానిక్ అన్న మాటే గుర్తొస్తుంది: వైరింగ్ హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపిన కట్ట), హోసులు, ఎంబ్లమ్‌లు. ఇంజన్ల కోసం ఎవరూ ఏడవడం లేదు. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు బిరుసెక్కిపోతుంది, సాకెట్ క్లిప్పు ముట్టుకుంటే విరిగిపోతుంది, ఆ తర్వాత ఏ ఫ్యూజు ఎందుకు కొడుతోందో వెతుక్కుంటూ వారం పోతుంది.

రేకు పార్టుల సంగతి వేరు. ఫెండర్, బానెట్ లాంటివి కావాలంటే టన్నుల బరువు డై చేయించాలి. 2019 అక్టోబరులో నిస్సాన్ దీనికి ఒక ఉపాయం చూపించింది. రేకును నిలువుగా బిగించి, అటు ఒక రోబో, ఇటు ఒక రోబో నిలబడతాయి. రెండింటి చేతిలోనూ కడ్డీ లాంటి పనిముట్టు, మొనకు వజ్రం పూత. రెండూ ఒకదానికొకటి ఎదురుగా నొక్కుకుంటూ, కొద్దికొద్దిగా రేకును ఆకారంలోకి తెస్తాయి. డై అక్కర్లేదు. ప్రెస్‌తో పోలిస్తే చాలా నిదానం. కానీ యాభై పీసులు చాలు అనుకునే చోట నిదానం నష్టమేం కాదు. మన టింకర్ మేస్త్రీలు ఒక పక్క డాలీ అనే ఇనుప దిమ్మె పెట్టి, ఇంకో పక్క సుత్తితో కొట్టేది ఇదే సూత్రం మీద.

టయోటా గురించి రెండు ముక్కలు. సుప్రా కార్లతో మొదలుపెట్టి, 2000జీటీ అనే పాత కారుకు గేర్‌బాక్సు పార్టులు కూడా చేసింది. మొత్తం 337 కార్లే తయారైన మోడల్ అది. పార్టులు ఆ కారు ఓనర్లకే అమ్ముతామని షరతు పెట్టింది, లేకపోతే దళారులు కొని పెట్టుకుని రేట్లు పెంచేస్తారు.

తెర మీద: చేతి పొడవు లోహపు లివర్ బొమ్మ, పక్కన బూడిద రంగు పొడి.

ఇక జర్మనీ కంపెనీ పోర్షె. వీళ్లు 959 అనే కారు 292 మాత్రమే చేశారు. దాని క్లచ్ రిలీజ్ లివర్ స్టాకు అయిపోయింది. మొదట అది పోత ఇనుముతో చేసిన ముక్క. మళ్లీ పోత పోయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, కావాల్సినవారు పిడికెడు మంది. అందుకని 3డీ ప్రింటింగ్ పట్టుకున్నారు. టూల్ స్టీల్‌ను మెత్తటి పొడి చేసి, పలుచటి పొరగా పరిచి, ఎక్కడ లోహం కావాలో అక్కడ మాత్రమే కిరణంతో కరిగిస్తారు. దాని మీద ఇంకో పొర, మళ్లీ కరిగించడం. అలా అడుగు నుంచి పైకి లివర్ తయారవుతుంది. అయ్యాక నేరుగా డబ్బాలో పెట్టి అమ్మేయలేదు. దాదాపు మూడు టన్నుల ఒత్తిడి పెట్టి చూశారు, లోపల కంటికి కనపడని పగుళ్లున్నాయేమోనని స్కాన్ చేశారు, కారులో బిగించి నడిపారు.

ఆ పరీక్షల భాగమే ముఖ్యమైనది. ఎందుకంటే ప్రింటర్ ఇప్పుడు ఎవరైనా కొంటారు. అనంతపురంలో కూర్చుని ఏసీ వెంటు నాబ్, స్విచ్ మూత, గ్లోవ్‌బాక్సు క్లిప్పు ప్రింట్ చేసుకోవచ్చు, చేసుకోండి. ఒక్క జాగ్రత్త: సాధారణ పీఎల్ఏ ప్లాస్టిక్ మన మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద మెత్తబడి వంగిపోతుంది, వేడికి ఆగే ఏబీఎస్ గానీ ఏఎస్ఏ ప్లాస్టిక్ గానీ వాడాలి. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్ జోలికి మాత్రం పోవద్దు. లేత్ మీద అచ్చం ఒరిజినల్‌లా తీసిచ్చే టర్నర్లు మనకు ఉన్నారు, వాళ్ల చేతి పని మీద నాకు గౌరవం కూడా. కానీ చూడటానికి ఒకేలా ఉండటం వేరు, లోపలి స్టీలు రకం, హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా ఉండటం వేరు. హైవే మీద వంద స్పీడులో తేడా తెలిసి లాభమేమిటి?

ఇంకో సంగతి. పాత పార్టును మళ్లీ చేసేటప్పుడు ఆకారం పాతదే ఉండాలి, సరుకు మాత్రం అచ్చం పాతదే కానక్కర్లేదు. పెట్రోల్ హోసు తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తగ్గ మెటీరియల్‌తో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అంతకు ముందు బండ్లలో కొన్నిటికి 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు పార్టులు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. అలాంటప్పుడు పాత ప్యాకెట్‌లోని "కంపెనీ ఒరిజినల్" హోసు దొరికిందని సంబరపడితే పొరపాటు. ఇరవై ఏళ్లు అరలో ఉన్న రబ్బరు బండికి ఎక్కకపోయినా ముసలిదైపోతుంది. కొత్త రబ్బరుతో పాత కొలతలకు చేసిన హోసే మేలు.

కంపెనీలు ఇదంతా అభిమానంతో చేస్తున్నాయనుకోకండి. అమెరికాలో 25 ఏళ్లు దాటిన విదేశీ కార్లను తెచ్చుకోవడానికి నిబంధనలు సడలుతాయి. 1989 నాటి ఆర్32 జీటీ-ఆర్ 2014 నుంచి ఆ గీత దాటింది. డాలర్లు పట్టుకుని కొనేవాళ్లు వచ్చారు, కార్ల రేట్లు పెరిగాయి, పార్టుకు కూడా రేటు పెట్టే ధైర్యం వచ్చింది. పాత కారు రోడ్డు మీద మెరుస్తూ తిరిగితే కొత్త కారుకు అంతకన్నా మంచి హోర్డింగు ఏముంటుంది?

తెర మీద: కాంటెస్సా, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతీ 800 వరుసగా.

మన దగ్గరికొద్దాం. ఈ నాలుగిట్లో ఏ బండి స్పేర్లు తేలిగ్గా దొరుకుతాయి? మారుతీ 800. 1983 చివర మొదలై 2014 దాకా 25 లక్షలకు పైగా తయారైంది. కావాల్సినవాళ్లు ఎక్కువ కాబట్టి కంపెనీ చేయకపోయినా బయటివాళ్లు చేస్తారు. పద్మిని, అంబాసిడర్‌లను నిలబెట్టింది టాక్సీలు. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. టాక్సీ ఒక్క రోజు ఆగితే కడుపు కాలుతుంది, అందుకే దాని స్పేర్లకు బజారు ఉంటుంది.

కాంటెస్సాకు ఆ అదృష్టం లేదు. 1984లో వచ్చి 2002లో ఆగింది, టాక్సీగా పెద్దగా తిరగలేదు, తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో మూతపడింది. మాజ్డా ఓనరు మాజ్డాను అడగగలడు. కాంటెస్సా ఓనరు ఎవరిని అడగాలి? గుజిరీలో ఇంకో కాంటెస్సా చావాలి, అప్పుడు ఇతని కాంటెస్సా బతకాలి. ఏడాదికేడాది అలా బతికించేవీ తగ్గిపోతాయి.

జెన్ వీటి మధ్యలో ఉంది. కంపెనీ ఉంది, ఇక్కడ తయారై ఆల్టో పేరుతో యూరప్‌కు కూడా వెళ్లిన కారు, ఇష్టపడేవాళ్లూ తక్కువేం కాదు. కానీ 2006 తర్వాత కొత్తది లేదు. ఈ స్థితిలో ఉన్న కార్లకే ఇప్పుడే కదిలితే పని జరుగుతుందని నా నమ్మకం, ఎందుకంటే కొలత తీసుకోవడానికి మంచి పార్టు ఇంకా ఎక్కడో ఒక బండికి ఉంది. రబ్బరు అచ్చులు చేసే చిన్న యూనిట్లు బెంగళూరు పీణ్యలో, హైదరాబాద్ జీడిమెట్లలో ఉన్నాయి. ఒక్క బీడింగ్ కోసం వెళ్తే మొహం కూడా చూడరు. రెండు వందల సెట్లకు అడ్వాన్సుతో వెళ్తే కుర్చీ వేస్తారు.

మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు దిగుతున్నాయి. వాటికి రేపు వచ్చే కష్టం బీడింగ్‌తో కాదు, డ్యాష్‌బోర్డు తెరతోనూ, బండిని నడిపించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్‌తోనూ. రబ్బరుకు అచ్చు చేయొచ్చు. ఆగిపోయిన చిప్పును, దానిలోని సాఫ్ట్‌వేర్‌ను ఏ లేత్ మీద తీస్తాం? ఇది ఒక్క కియా సంగతే కాదు, ఈ రోజు కొంటున్న ప్రతి కారుదీ.

అందుకే ఈ వీడియో కింద "సూపర్ బ్రో" వద్దు. మీ బండి మోడల్, తయారైన సంవత్సరం, దొరకని పార్టు పేరు, పాత డబ్బా మీద ఉంటే పార్ట్ నంబరు రాయండి. ఎన్ని సెట్లు కొంటారో కూడా రాయండి, ఉత్తుత్తి అంకె కాకుండా. విరిగిన బీడింగ్‌ను చెత్తలో వేయకండి, మూలలు విరగకుండా ఒక అట్ట మీద పరిచి ఉంచండి. జెన్ వెనక తలుపులవి నా దగ్గర ఎడమ వైపు ఒకటి బాగుంది. కుడి వైపుది ఎవరి దగ్గరైనా చెక్కుచెదరకుండా ఉంటే చెప్పండి, కొలతలు తీసుకుని తిరిగి ఇచ్చేస్తా.