ఆడమ్స్ డివిజన్: మంచు మీద దాయాదుల పోరు

శ్రోతలందరికీ నమస్కారం. హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు, పచ్చగడ్డి మైదానం గుర్తొస్తుంది. కెనడాలో హాకీ అంటే మాత్రం మంచు మీద ఆడేదే. కాళ్లకు స్కేట్లు, చేతిలో పొడుగాటి కర్ర, బంతి స్థానంలో గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు బరిలో ఉంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ప్లేఆఫ్ మ్యాచ్‌లో స్కోరు సమమైతే ఓవర్‌టైమ్. అందులో మొదటి గోల్ ఎవరు కొడితే వాళ్లదే గెలుపు, ఆట అక్కడితో సరి. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి. నేను చెప్పబోయే కథలో చాలా గుండెలు పగిలింది దీనివల్లే.

నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, 1974లో తన జట్లను నాలుగు డివిజన్లుగా విడదీసింది. ఒకదానికి బోస్టన్ బ్రూయిన్స్ జట్టును స్థాపించిన కిరాణా వ్యాపారి చార్లెస్ ఆడమ్స్ పేరు పెట్టారు. మొదట్లో ఈ విభజనకు తలాతోకా లేదు. కెనడా తూర్పున ఉన్న మాంట్రియల్‌నూ, అమెరికా పడమటి ఒడ్డున ఉన్న లాస్ ఏంజెలెస్‌నూ ఒకే డివిజన్‌లో వేశారు. 1981లో ప్రయాణాల ఖర్చు తగ్గించుకుందామని దగ్గర దగ్గర ఊళ్లను ఒకచోటికి చేర్చారు. ఆడమ్స్ డివిజన్‌లోకి బోస్టన్, బఫలో, హార్ట్‌ఫర్డ్, మాంట్రియల్, క్యూబెక్ వచ్చాయి. ఈ ఐదు జట్లూ ఒకదానితో ఒకటి సీజన్‌కు ఎనిమిదేసి మ్యాచ్‌లు ఆడాలి. అంతటితో అయిపోలేదు. ప్లేఆఫ్స్‌లో మొదటి రెండు రౌండ్లూ డివిజన్ లోపలే. చలికాలమంతా కొట్టుకున్నవాళ్లే ఏప్రిల్‌లో మళ్లీ ఎదురుపడాలి. ముందు పక్కింటివాణ్ణి ఓడిస్తేనే లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్పు దిక్కుగా దారి.

ఆటలో పగలు ఎక్కడినుంచి పుడతాయని అడిగితే చాలామంది ఊరి పౌరుషం అంటారు, భాష అంటారు, చరిత్ర అంటారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఈ ఐదు జట్లున్న ఆడమ్స్ డివిజన్ పన్నెండేళ్ల చరిత్ర చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. పగను పెంచి పోషించేది షెడ్యూలు. ఎప్పుడో ఒకసారి కలిసేవాడి మీద కోపం నిలవదు. నిరుడు ముక్కు పగలగొట్టినవాడు ఈ మంగళవారం మళ్లీ ఎదురుగా నిలబడితే, అప్పుడు నిలుస్తుంది.

మాంట్రియల్, క్యూబెక్ నగరం రెండూ ఒకే రాష్ట్రంలోవి, ఫ్రెంచి మాట్లాడేవి. మధ్య దూరం దాదాపు 250 కిలోమీటర్లు. మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు చాలా పాతది, లీగ్‌లో అందరికంటే ఎక్కువ కప్పులు గెలిచింది. క్యూబెక్ నోర్డిక్స్ కొత్త జట్టు. డబ్ల్యూహెచ్‌ఏ అనే పోటీ లీగ్ మూతపడే దశలో, దాని నుంచి ఎన్‌హెచ్‌ఎల్ తీసుకున్న నాలుగు జట్లలో ఇది ఒకటి. వాళ్లను రానివ్వకూడదని 1979 మార్చిలో ఓటేసినవాళ్లలో మాంట్రియల్ కూడా ఉంది. అప్పుడు ఆ జట్టు యజమాని మోల్సన్ బీరు కంపెనీ. నోర్డిక్స్ యజమాని కార్లింగ్ ఓకీఫ్, అదీ బీరు కంపెనీయే! కోపంతో జనం మోల్సన్ బీరు తాగడం మానేశారు. రెండు వారాలు తిరక్కముందే మాంట్రియల్ ఓటు మారింది. నోర్డిక్స్ లోపలికొచ్చారు, నీలిరంగు జెర్సీ మీద క్యూబెక్ జెండాలోని పువ్వు గుర్తుతో.

1980 ఆగస్టులో ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. చెకోస్లొవేకియా ఆటగాడు పీటర్ స్టాస్ట్నీ, తమ్ముడు ఆంటన్ ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్‌లో టోర్నమెంటు ఆడుతూ, నోర్డిక్స్ అధికారుల సాయంతో రహస్యంగా వియన్నా చేరి, అక్కణ్ణుంచి కెనడా వచ్చేశారు. భార్యాపిల్లలున్న అన్న మరియన్ వెనకే ఉండిపోయి, ఏడాది తర్వాత గానీ రాలేకపోయాడు. తర్వాత ముగ్గురన్నదమ్ములూ ఒకే జట్టుకు ఆడారు. మొదటి సీజన్‌లోనే పీటర్ 109 పాయింట్లు చేశాడు, అంటే తను కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి.

1982 ఏప్రిల్‌లో రెండు జట్లూ ప్లేఆఫ్స్‌లో మొదటిసారి తలపడ్డాయి. ఐదు మ్యాచ్‌ల సిరీస్ ఐదోదాకా వెళ్లింది. మాంట్రియల్ ఫోరమ్‌లో ఓవర్‌టైమ్ మొదలైన 22 సెకన్లకే నోర్డిక్స్ ఆటగాడు డేల్ హంటర్ గోల్ కొట్టాడు. నిన్నగాక మొన్న వచ్చిన జట్టు సొంతగడ్డ మీదే తమను పడగొడితే మాంట్రియల్‌వాళ్లు ఎలా మరిచిపోతారు?

రెండేళ్ల తర్వాత, 1984 ఏప్రిల్ 20, గుడ్ ఫ్రైడే. డివిజన్ ఫైనల్లో ఆరో మ్యాచ్, మళ్లీ ఫోరమ్‌లోనే. ఈ రోజు గురించి కాస్త ఆగి చెప్పాలి. రెండో పీరియడ్ చివర పెద్ద కొట్లాట మొదలైంది. రెండు బెంచీలూ ఖాళీ అయ్యాయి. నోర్డిక్స్ ఆటగాడు లూయీ స్లేగర్ గుద్దిన గుద్దుకు మాంట్రియల్ ఆటగాడు జాన్ హామెల్ స్పృహ తప్పి మంచు మీద పడిపోయాడు. మారియో ట్రెంబ్లే దెబ్బకు పీటర్ స్టాస్ట్నీ ముక్కు విరిగింది. రిఫరీ బ్రూస్ హుడ్ అందర్నీ డ్రెస్సింగ్ రూములకు పంపాడు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఎవరెవర్ని బయటికి పంపుతున్నారో విరామంలో ఎవరికీ సరిగా తెలియలేదు. అందుకే మూడో పీరియడ్‌కు అందరూ మళ్లీ మంచు మీదికొచ్చారు, రావడం రావడమే రెండో కొట్లాట. బహిష్కరించినవాళ్ల పేర్లు మైకులో చదువుతుంటే, కొట్టుకుంటున్నవాళ్లలోనే వాళ్లున్నారు. డేల్ హంటర్ అటు, అతని అన్నదమ్ముడు మార్క్ హంటర్ ఇటు.

తప్పు చేసినవాణ్ణి కొన్ని నిమిషాలు ఆటకు దూరంగా ఉంచే శిక్షే ఇక్కడ పెనాల్టీ. ఆ రోజు మొత్తం 252 నిమిషాల పెనాల్టీలు. ఆట తిరిగి మొదలయ్యాక క్యూబెక్ 2-0తో ముందుంది. స్టాస్ట్నీ లాంటి ముఖ్యుడు బయటే ఉండిపోయాడు. మాంట్రియల్ వరసగా ఐదు గోల్స్ కొట్టి 5-3తో గెలిచింది, సిరీస్ పట్టుకుపోయింది. దీన్ని వీరగాథలా చెప్పుకునేవాళ్లున్నారు, నాకది నచ్చదు. ఒక మనిషి స్పృహ తప్పి పడి ఉంటే అందులో వీరత్వం ఏముంది? కానీ ఆ రోజును పక్కన పెడితే ఈ రెండు ఊళ్ల కథ అర్థం కాదు.

మరుసటేడు లెక్క తిరగబడింది. ఏడో మ్యాచ్, ఓవర్‌టైమ్, పీటర్ స్టాస్ట్నీ గోల్. ముక్కు విరిగిన ఆ ఫోరమ్‌లోనే మాంట్రియల్‌ను ఇంటికి పంపాడు. 1987లో స్కోరు 2-2గా ఉన్నప్పుడు ఆలాన్ కోటే కొట్టిన గోల్‌ను రిఫరీ కెరీ ఫ్రేజర్ చెల్లదన్నాడు. ఆ మ్యాచ్ మాంట్రియల్ గెలిచింది, తర్వాత సిరీస్ కూడా. క్యూబెక్ నగరంలో ఆ తరంవాళ్లను కదిపి చూడండి, అది గోలేనంటారు, ఇప్పటికీ.

మిగతా జట్లను తక్కువ చేయలేం. బోస్టన్‌కు మాంట్రియల్ అంటే తరాల బాధ. 1946 నుంచి 1987 వరకు ప్లేఆఫ్స్‌లో ఇద్దరూ తలపడిన 18 సిరీస్‌లూ మాంట్రియల్‌వే. 1988లో బోస్టన్ ఆ శాపం తెంచుకుంది. హార్ట్‌ఫర్డ్ వేలర్స్ తమ చరిత్ర మొత్తంలో గెలిచింది ఒక్క ప్లేఆఫ్ సిరీస్, 1986లో క్యూబెక్ మీద. తర్వాతి రౌండ్‌లో మాంట్రియల్ చేతిలో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఓడినా, ఊరు ఊరంతా వీధుల్లోకొచ్చి వాళ్లను ఊరేగించింది. ఓడిన జట్టుకు ఊరేగింపు! ఆ అభిమానం ముందు ఎన్ని కప్పులైనా దిగదుడుపే.

1993లో ఆడమ్స్ పేరుతో చివరి సీజన్. ప్లేఆఫ్స్‌లో మళ్లీ మాంట్రియల్‌తోనే తలపడి, క్యూబెక్ మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచింది. మాంట్రియల్ తర్వాతి నాలుగూ గెలిచింది. గోల్‌కీపర్ పాట్రిక్ రువా అండతో ఆ ప్లేఆఫ్స్‌లో వరసగా పది ఓవర్‌టైమ్ మ్యాచ్‌లు నెగ్గి స్టాన్లీ కప్ ఎత్తింది. 2025 వరకు మరే కెనడా జట్టూ ఆ కప్పును మళ్లీ గెలవలేదు. అదే ఏడు డివిజన్ పేరు నార్త్ఈస్ట్‌గా మారింది. 1995లో డబ్బు చాలక నోర్డిక్స్ డెన్వర్ వెళ్లిపోయి కొలరాడో అవలాంచ్ అయ్యారు. ఆ డిసెంబరులో డెట్రాయిట్ చేతిలో ఘోరంగా ఓడిన రాత్రి అవమానపడిన రువా, ఇక మాంట్రియల్‌కు ఆడనన్నాడు. రోజుల్లోనే అతన్ని కొలరాడోకు ఇచ్చేశారు. నోర్డిక్స్ క్యూబెక్‌లోనే ఉండి ఉంటే మాంట్రియల్ అతన్ని వాళ్ల చేతికి ఇచ్చేదంటే నేను నమ్మను. 1996లో రువాతో కొలరాడో కప్పు గెలిచింది. క్యూబెక్‌వాళ్లు అన్నేళ్లు ఎదురుచూసిన జట్టు, వాళ్లను వదిలి వెళ్లిన మొదటి సీజన్‌లోనే.

షెడ్యూలు గురించి నేనన్న మాటకు ఇంకో సాక్ష్యం చెబుతాను. 2013లో డివిజన్లను మళ్లీ మార్చి, ప్లేఆఫ్స్‌లో పొరుగు జట్లు ఎదురుపడేలా చేశారు. మాంట్రియల్, బోస్టన్ ఇప్పుడున్న అట్లాంటిక్ డివిజన్‌లోనే ఫ్లోరిడా పాంథర్స్, టాంపా బే కూడా ఉన్నాయి. మంచు కురవని ఆ ఎండ ప్రాంతపు జట్లు 2021, 2022, 2024, 2025 ప్లేఆఫ్స్‌లో ఒకదానితో ఒకటి తలపడ్డాయి. ఇప్పుడు వాళ్ల మధ్యా నిప్పు రాజుకుంది.

క్యూబెక్ నగరం 2015లో పద్దెనిమిది వేల మంది పట్టే కొత్త స్టేడియం కట్టుకుంది. అందులో కుర్రాళ్ల జూనియర్ జట్టు ఆడుతోంది. ఎన్‌హెచ్‌ఎల్ మాత్రం తిరిగి రాలేదు. లీగ్ ఎప్పటికైనా ఆ ఊరికి ఒక జట్టు ఇవ్వాలని నేను మనసారా కోరుకుంటున్నాను. ఇస్తే దాన్ని మాంట్రియల్ ఉన్న డివిజన్‌లోనే పెట్టాలి, వేరే ఎక్కడ పెట్టినా ఇచ్చినట్టు కాదు. నమస్కారం.