పార్కర్ 51, ఎబొనైట్ పెన్ను, లివర్ పెన్ను: పాత ఇంకు పెన్ను కొనేముందు గ్లాసు నీళ్ల పరీక్ష

అనంతపురం నుంచి అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీద మూడు పాత ఇంకు పెన్నులున్నాయి. ఒకటి పార్కర్ 51. ఇంకొకటి డ్రాపర్‌తో ఇంకు పోసుకునే ఎబొనైట్ పెన్ను. మూడోది పక్కనున్న చిన్న లివర్ ఎత్తి ఇంకు నింపుకునే పెన్ను. ఫొటోలో మూడూ బ్రహ్మాండంగా ఉంటాయి, మనకు ఆశ పుట్టేదీ ఆ ఫొటో దగ్గరే. అందుకని తీర్పు ముందే చెప్పేస్తా: నీళ్లతో పరీక్ష చేసుకోనివ్వని పెన్ను ఎంత చౌకగా వచ్చినా కొనకండి. "ఇంకు పోసి చూడలేదు సార్" అని అమ్మేవాళ్లు అంటే, అది పనిచెయ్యదనే లెక్కేసుకుని బేరమాడండి.

ముందు పార్కర్ 51. ఇది 1941లో మార్కెట్లోకి వచ్చింది. పాళీ దాదాపు మొత్తం తొడుగు లోపలే ఉంటుంది, కొస మాత్రం బయటికి కనిపిస్తుంది. మొదట వచ్చిన రకం వాక్యుమాటిక్. బారెల్ చివర చిన్న మూత విప్పితే కింద నొక్కే బొత్తాం ఉంటుంది, లోపల రబ్బరు డయాఫ్రం. ఆ రబ్బరు ఇన్నేళ్లకు బిరుసెక్కి పగిలిపోతుంది, మార్చాలంటే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. 1948లో ఏరోమెట్రిక్ వచ్చింది. మొదటిసారి కొనేవాళ్లు దీన్నే తీసుకోండి. బారెల్ విప్పితే లోపల లోహపు గొట్టం, దాని మీద నొక్కే పట్టీ కనిపిస్తాయి. ఆ గొట్టం లోపలి శాక్, అంటే ఇంకు నిండే సంచి, రబ్బరు కాదు, పీవీసీ. డెబ్బై ఏళ్లు దాటినా మెత్తగా ఉన్నవి బోలెడున్నాయి.

ఇప్పుడు పరీక్ష, కెమెరా దగ్గరగా పెడుతున్నా చూడండి. గ్లాసులో చల్లటి నీళ్లు. పాళీ కొస, తొడుగు అంచు మునిగేదాకా ముంచండి. పట్టీ నొక్కి వదలండి, రెండు మూడు సెకన్లు ఆగండి. ఇట్లా ఐదారుసార్లు. మొదట బుడగలు జాస్తిగా వస్తాయి, పోనుపోను తగ్గిపోతాయి. ఇప్పుడు పెన్ను బయటికి తీసి ఖాళీ కప్పులోకి పట్టీ నొక్కండి. చూశారా, నీళ్లు ధారగా వచ్చాయి. ఇది మంచి పెన్ను. నాలుగు చుక్కలే వస్తే శాక్ లోపలుండే సన్నటి గాలి గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, లేదా తెగిపోయి ఉండొచ్చు. ఎండిన సిరా అడ్డుపడి ఉంటే పాళీ వైపు మాత్రం రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున మళ్లీ నొక్కి కడిగితే చాలాసార్లు తెరుచుకుంటుంది. తెగిన గొట్టానికి ఆ వైద్యం పనిచెయ్యదు, పెన్ను విప్పి మార్చాల్సిందే. లోహపు గొట్టం బయట తడి కనిపిస్తే మాత్రం శాక్ చిల్లుపడింది, ఆ పెన్ను పక్కన పెట్టేయండి.

తర్వాత పాళీ. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి జేబులో ఉండాలి. చీలిక రెండు వైపులా ఒకే మట్టంలో ఉన్నాయా చూడండి. ఒకటి పైకి లేస్తే రాసేటప్పుడు కాగితం గీరుకుంటుంది, దాన్ని సరిచెయ్యొచ్చు. కొసన ఉండే గట్టి గుండు ఒకవైపే అరిగిపోయి ఉంటే మాత్రం అది ఇంతకుముందు రాసినవాళ్ల చేతివాటానికి అలవాటుపడిన పాళీ. మీ చేతికి అది నున్నగా రాయదు.

పోలికతో మోసపోకండి. చైనా పెన్ను హీరో 616 బయటికి ఇట్లాగే కనిపిస్తుంది. పార్కర్ వాళ్లదే 21 ఉంది, 1948 నాటిది, రూపం ఇదే, ప్లాస్టిక్ నాసి, తొడుగు చీలుతుంది. బారెల్ విప్పితే తేడా తెలిసిపోతుంది: 51కి మూసిన లోహపు గొట్టం, 21కి యు ఆకారంలో పక్కలు తెరిచున్న స్ప్రింగు రేకు. ఇక 1956లో వచ్చిన 61. తొలి 61లు కేశనాళికలతో, అంటే వెంట్రుకంత సన్నటి సందులతో, ఇంకు పీల్చుకునే రకం. ఒకసారి సిరా ఎండిపోతే శుభ్రం చెయ్యడం మహా కష్టం. చూడటానికి ముచ్చటగా ఉంటుందని దానికి పోకండి.

రెండోది ఎబొనైట్. గంధకంతో గట్టిపరిచిన రబ్బరు ఇది. చేతికి వెచ్చగా, తేలికగా ఉంటుంది, నాకు చాలా ఇష్టమైన పదార్థం. నలుపు కాస్తా ఆకుపచ్చ గోధుమరంగుకు తిరిగిందంటే ఎండ, తడి తగిలాయని అర్థం. అందుకే దీన్ని మొత్తంగా నీళ్లలో నానబెట్టకూడదు. పాళీ, దాని కింద సిరా అందించే నాలుక ఊడదీసి అవి మాత్రం కడగండి. బారెల్ మరలకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. డ్రాపర్‌తో నీళ్లు నింపి, బిగించి, టిష్యూ కాగితం మీద పావుగంట పడుకోబెట్టండి. మరల దగ్గర తడి లేకపోతే మంచిది.

మన అనంతపురం ఎండలకు ఈ రకం పెన్ను ఇంకు కక్కుతుంది, ఎందుకో వినండి. సగం ఖాళీ అయ్యాక బారెల్లో గాలి జాస్తి. చొక్కా జేబులోనో చేతిలోనో వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీలోంచి బయటికి తోస్తుంది. వేసవిలో సగానికి తగ్గగానే మళ్లీ నింపుకోండి, జేబులో పాళీ పైకే ఉండాలి. పాత ఎబొనైట్ మీదే పట్టుదల లేకపోతే ఇంకో దారి ఉంది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1930లలో రాజమండ్రిలో మొదలైన రత్నం పెన్నులు ఉన్నాయి కదా, ఎబొనైట్‌ను చేత్తో తరిణ పట్టి కొత్త పెన్ను చేసిస్తారు. ఆ ముచ్చట అక్కడ తీరుతుంది, చీలిన పాతదాన్ని కొనే అగత్యం ఉండదు.

మూడోది లివర్ పెన్ను. గుజిరీ అంగట్లో కనిపించగానే అందరూ చేసే మొదటి పని లివర్ ఎత్తడం. ఎత్తకండి! లోపలి రబ్బరు శాక్ రాయిలా గడ్డకట్టి ఉంటుంది, బలవంతం చేస్తే లివర్ విరుగుతుంది, లేదా బారెల్ చీలుతుంది. శాక్ మార్చాలంటే పాళీ భాగాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దికొద్దిగా వేడిచేసి, లోపలి లక్క మెత్తబడ్డాక మెల్లగా తిప్పుతూ లాగాలి. బారెల్ సెల్యులాయిడ్ అయితే వేడి విషయంలో ఇంకా జాగ్రత్త, అది వంకరపోతుంది, మంట దగ్గరికి పోతే అంటుకుంటుంది.

నీళ్ల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మన బోరు నీళ్లలో ఉప్పులు జాస్తి. వాటితో కడిగి ఆరబెడితే నాలుక సన్నగాట్లలో తెల్లటి పొర పేరుకుని సిరా దారి మూసుకుపోతుంది. చివరి రెండు కడుగుళ్లు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్యండి. వేడినీళ్లు వద్దు. సిరా విషయంలో మామూలు నీలం ఇంకు చాలు, డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకు మాత్రం చుక్క కూడా పొయ్యకండి. అందులోని బంక ఎండితే పాళీ, నాలుక అతుక్కుపోతాయి.

ఆశ అంటే ఇట్లా ఉంటుంది: 51 ఒకటి కొనగానే దాని రంగుల జాబితా తెలుస్తుంది. బర్గండీ, టీల్, మిడ్‌నైట్ బ్లూ ఉన్నాయి, కొద్దికాలమే చేసిన ప్లమ్ ఉంది. ప్లమ్ కోసం వెతకడం మొదలుపెట్టారంటే రాయడం పక్కకుపోయి వేలం పాటలే మిగులుతాయి. మన పొడిగాలికి వాడని పెన్నులో సిరా త్వరగా ఎండుతుంది. కాబట్టి ఒకేసారి రెండు మూడింటికి మించి ఇంకుతో ఉంచకండి. కొత్తదానికి సిరా పట్టాలంటే పాతదాన్ని కడిగి ఆరబెట్టాలి. ఆ పని చెయ్యడానికి బద్ధకంగా ఉందా, ఇంకోటి కొనడం అక్కడికి ఆపేయండి.

మూడింటిలో నా ఓటు ఏరోమెట్రిక్ 51కే. లివర్ పెన్నుకు వచ్చే వీడియోలో శాక్ మారుస్తాం. మీరూ పక్కన చేసుకోవాలంటే శాక్, లక్క, సువాసన లేని టాల్కం తెప్పించి పెట్టుకోండి. శాక్ నంబరంటే అంగుళంలో 64వ వంతుల లెక్క. 16 నంబరంటే పావు అంగుళం, 6.35 మిల్లీమీటర్లు. శాక్ తొడిగే మొనను కొలిచాకే ఆర్డర్ పెట్టండి.